దొరకకపోవడం వేరు, లేకపోవడం వేరు

మన కళాశాల వార్షిక సంచికను ఒక వైపు నుంచి తెరిస్తే తెలుగు, మరొక వైపు నుంచి తెరిస్తే ఉర్దూ. రెండు భాషలూ రెండు అట్టల దగ్గర బయలుదేరి సంచిక నడుమ కలుసుకుంటాయి. ఓపికగా చదివేవారికి ఇటు పుటల్లోని మాటలు కొన్ని అటు పుటల్లోనూ కనిపిస్తాయి. హాజరు, రసీదు, ఖర్చు, వకీలు, దస్తావేజు, ఫిర్యాదు, జిల్లా, రైతు - ఇవన్నీ అరబ్బీ, పారశీక భాషల్లో పుట్టి, కచేరీల గుండా, బజారుల గుండా నడిచి వచ్చి తెలుగింట స్థిరపడిన మాటలు. చివర ఒక ఉకారమో, ఒక దీర్ఘమో తగిలించుకుని మన మాటలైపోయాయి.

వీటినన్నిటినీ ఒకచోట చేర్చి చిన్న పదకోశం తయారు చేయాలన్న కోరిక ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ మాకున్నది. ఇట్టి పని కొత్తదేమీ కాదు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్య పదాలకు సి.పి. బ్రౌను 1854లోనే ప్రత్యేకంగా ఒక నిఘంటువు ప్రకటించాడు. మేము తలపెట్టింది అంతటి మహాకార్యం కాదు. మన విద్యార్థులు ఇంట్లోనూ, వీధిలోనూ వాడే మూడు వందల మాటలు మాత్రమే.

నిరుడు కంప్యూటరు శాస్త్రం చదివే ముగ్గురు విద్యార్థులు మా గదికి వచ్చి, "సార్, మీరు మాటలు ఇవ్వండి, మేము ఫోనుకు యాప్ చేస్తాము" అన్నారు. మేము సంతోషించాము. అయితే ఒక షరతు పెట్టాము. పని చేసేటప్పుడు మమ్మల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఎల్లప్పుడూ చెప్పడమే గాని నేర్చుకోవడం మరిచిపోతున్నామేమోనన్న భయం మా వయస్సు అధ్యాపకులకు అప్పుడప్పుడు కలుగుతుంది. ఆ విధంగా తెలుగు పంతుళ్లమైన మేము కొన్ని నెలల పాటు మా విద్యార్థులకు శిష్యులమయ్యాము. ఆ శిష్యరికంలో మాకు అబ్బినది యంత్రజ్ఞానం కొద్దిగాను, 'లేదు' అనే మాటను గురించిన జ్ఞానం కాస్త ఎక్కువగాను. ఈ వ్యాసం ఆ రెండవదానిని గురించి.

వారు ఎంచుకున్న పనిముట్టు పేరు యాప్ ఇన్వెంటర్. 2010లో గూగుల్ సంస్థ దీనిని ప్రజలకు అందించింది. తరువాత ఇది అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థ నిర్వహణలోకి వచ్చింది. ఇందులో కార్యక్రమాన్ని వాక్యాలుగా వ్రాయనక్కరలేదు. రంగురంగుల దిమ్మెలుంటాయి. వాటిని బ్లాకులంటారు. ఒకదాని గాడిలో మరొకటి అమరేటట్లు పేర్చుకుంటూ పోవడమే పని.

మా పదకోశం తెర మీద మూడే వస్తువులున్నాయి. మాట వ్రాయడానికి ఒక గడి, నొక్కడానికి ఒక మీట, అర్థం కనిపించడానికి ఒక పట్టీ. వెనుక ఒక పెద్ద జాబితా ఉంటుంది. జాబితా నిండా జంటలు. ప్రతి జంటలో మొదటిది మాట, రెండవది దాని అర్థం. చదువరి ఒక మాట వ్రాసి మీట నొక్కగానే 'లుక్ అప్ ఇన్ పెయిర్స్' అనే బ్లాకు జాబితాలోని జంటలను మొదటి నుంచి వరుసగా చూచుకుంటూ పోతుంది. వ్రాసిన మాటకు సరిపడిన మాట కనిపించిన చోట ఆగి, దాని జంటను తెచ్చి పట్టీ మీద పెడుతుంది.

ఈ బ్లాకుకు మూడు గాళ్లున్నాయి. ఏమి వెదకాలి అన్నది మొదటిది, ఎక్కడ వెదకాలి అన్నది రెండవది, దొరకకపోతే ఏమి చెప్పాలి అన్నది మూడవది. మూడవ గాడిలో తయారు చేసినవారే 'నాట్ ఫౌండ్' అనే ఇంగ్లీషు మాటను ముందుగా అమర్చి ఉంచారు. మా విద్యార్థులు దానిని తీసివేసి, తెలుగులో 'ఈ మాట లేదు' అని వ్రాశారు. మేము పక్కనే ఉన్నాము. భాష బోధించి జీతం తీసుకునేవాళ్లమై ఉండి కూడా ఆ అనువాదంలోని తప్పును గమనించలేదు. 'దొరకలేదు' అనవలసిన చోట 'లేదు' అన్నాము. తరువాత జరిగిన కథ అంతా ఈ చిన్న తప్పులోనే ఉన్నది.

పరీక్షించి చూచిన మొదటి రోజే ఒక విద్యార్థి 'రసీదు' అని వ్రాశాడు. 'ఈ మాట లేదు' అన్నది యాప్. జాబితా తెరిచి చూస్తే పదకొండవ జంటలో రసీదు నిక్షేపంగా ఉన్నది. అక్షరదోషం లేదు, దీర్ఘం తప్పలేదు. అరగంట గడిచాక కారణం తెలిసింది. అతడు మాటను పూర్తిగా వ్రాయలేదు. సగం వ్రాయగానే ఫోను చూపిన మాటను ఎంచుకున్నాడు. అట్లా ఎంచుకున్నప్పుడు ఫోను తనంతట తాను మాట చివర ఒక ఖాళీ చేరుస్తుంది. మన కంటికి ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. యంత్రానికి అది కూడా ఒక అక్షరమే. దాని అంకె 32.

అంకె అన్న మాట వచ్చింది గనుక ఆ సంగతి కొద్దిగా చెప్పాలి. యంత్రానికి అక్షరాల ఆకారం తెలియదు, ధ్వని తెలియదు. యూనికోడ్ అనే ప్రపంచవ్యాప్తమైన ఏర్పాటులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉన్నది. మన 'క' సంఖ్య 3093, 'ఖ' సంఖ్య 3094. ఇంగ్లీషులో పెద్ద 'ఏ' 65, చిన్న 'ఏ' 97. రెండు మాటలు ఒకటేనా అని యంత్రం చూడడమంటే, రెండు సంఖ్యల వరుసలు మొదటి నుంచి చివరి దాకా ఒకటేనా అని చూడడమే. ఒక్క సంఖ్య తేడా వచ్చినా ఆ మాట వేరు, ఈ మాట వేరు. అది యంత్రం చేసే తప్పు కాదు, దాని స్వభావం. ఖాళీ సంగతి తెలిశాక విద్యార్థులు 'ట్రిమ్' అనే బ్లాకును గడికీ వెదకులాటకూ మధ్య అమర్చారు. మాటకు ముందు వెనుకల ఉన్న ఖాళీలను అది కత్తిరిస్తుంది. ఇంగ్లీషు లిపిలో వ్రాసేవారి కోసం అన్నిటినీ చిన్న అక్షరాలుగా మార్చే 'డౌన్‌కేస్' బ్లాకును కూడా చేర్చారు. ఇక ఇబ్బంది లేదనుకున్నాము.

రెండవ వారంలో ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకతె మా గదిలో ఆ ఫోను తీసుకుని 'జవాబ్దారీ' అని వ్రాసింది. 'ఈ మాట లేదు' అని వచ్చింది. మళ్లీ వ్రాసింది. మళ్లీ అదే సమాధానం. ఆ అమ్మాయి ఫోను బల్ల మీద పెట్టి, "సార్, మా అమ్మీ రోజూ ఈ మాట అంటుంది. మరి ఇది తెలుగు కాదా? మేమే తప్పుగా మాట్లాడుతున్నామా?" అని అడిగింది.

మాకు ఏమి చెప్పాలో వెంటనే తోచలేదు. జాబితాలో ఉన్నది 'జవాబుదారీ'. ఆమె తల్లి పలికేది 'జవాబ్దారీ'. ఒక ఉకారం తేడా. మా జాబితా పుస్తకాలలోని రూపాన్ని ఎరుగును, ఒక తల్లి నోటిలోని రూపాన్ని ఎరుగదు. ఎరుగనని ఒప్పుకుని ఉంటే బాగుండేది. తాను ఎరుగని మాట అసలు లోకంలోనే లేదని ప్రకటించింది. ఆ ప్రకటన వ్రాసి పెట్టినవాళ్లం మేమే. ఆ అమ్మాయి యంత్రాన్ని అనుమానించలేదు, మమ్మల్ని అనుమానించలేదు, కన్నతల్లి మాటను అనుమానించింది. అక్షరాలా చూస్తే జవాబుదారీ అన్న మాటే మా వద్ద దొరకకపోయింది గదా అని ఆ సాయంత్రం మేము నవ్వుకోలేకపోయాము.

అప్పటి నుంచి ఆ జాబితాను అనుమానంతో చూడడం మొదలుపెట్టాము. సిఫారసు అని కొందరు వ్రాస్తారు, సిఫార్సు అని మరికొందరు. జప్తు, జఫ్తు, జబ్తు - మూడూ ఒకే అరబ్బీ మాటకు తెలుగు రూపాలు. మరొక చిత్రం కూడా తెలిసింది. కంటికి ఏ మాత్రం తేడా లేని మాటలలో కూడా యంత్రానికి తేడా ఉండవచ్చు. 'ఖైదు'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా భద్రపరచవచ్చు. మొత్తం గుర్తుకు ఒకే సంఖ్యగా 3144 అని వ్రాయవచ్చు, లేదా ఎత్వానికి 3142, కింది గుర్తుకు 3158 అని రెండుగా వ్రాయవచ్చు. అచ్చులో రెండూ ఒకటే ఐత్వం.

ఉర్దూ పక్క ఈ చిక్కు మరీ ఎక్కువ. మదరసాలో చదివి వచ్చిన ఒక విద్యార్థి తన ఫోనులోని అరబ్బీ అక్షరాల పలకతో 'వకీల్' అని వ్రాశాడు. మా జాబితాలో అదే మాట ఉర్దూ పలకతో వ్రాసి ఉన్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపితే ఉర్దూ శాఖవారు కూడా తేడా చెప్పలేకపోయారు. కాని అరబ్బీ 'కాఫ్' సంఖ్య 1603, ఉర్దూ 'కాఫ్' సంఖ్య 1705. అరబ్బీ 'యే' 1610, ఉర్దూ 'యే' 1740. ఈ అక్షరాలు విడిగా ఉన్నప్పుడో, మాట చివర వచ్చినప్పుడో రూపభేదం తెలుస్తుంది. మాట మధ్యలో మరొక అక్షరంతో కలిసినప్పుడు రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. ఐత్వం వంటి తేడాలను ఒకే రూపానికి తెచ్చే నియమాలు యూనికోడ్‌లోనే ఉన్నాయి. ఈ రెండు 'కాఫ్'లను, రెండు 'యే'లను మాత్రం ఆ నియమాలు కలపవు. 'రీప్లేస్ ఆల్' అనే బ్లాకుతో మనమే ఒకదానిని మరొకదానిగా మార్చుకోవాలి.

ఇట్లా మాటల పని సాగుతూ ఉండగా, 'జవాబ్దారీ' అడిగిన అమ్మాయే ఒకనాడు మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో ఫోను లేదు, కాగితాల సంచి ఉన్నది. ఉపకారవేతనం నిమిత్తం ఒక కార్యాలయానికి రెండు మార్లు వెళ్లి వచ్చిందట. "ఈ పేరుతో ఎవరూ లేరమ్మా" అన్నారట. తోపుడు బండి మీద పండ్లు అమ్మే తండ్రి రెండు రోజులు బండి మానుకుని వెంట వెళ్లాడు. మూడవసారి రమ్మంటే, "చాలులే తల్లీ, లేదంటున్నారు గదా" అన్నాడట. ఆ డబ్బు రాకపోతే చదువు అక్కడితో ఆగుతుందని ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

కాగితాలు బల్ల మీద పరిచి చూచాము. పదవ తరగతి పత్రంలో ఇంటిపేరు 'షేక్'. ఇంగ్లీషు అక్షరాలలో చివరిది 'కె'. బ్యాంకు పుస్తకంలో అదే పేరు, 'కె' తరువాత ఒక 'హెచ్' అదనం. రేషను కార్డులో నడుమ ఉన్న 'ఏ' పోయి 'ఇ' వచ్చింది. ముగ్గురు గుమాస్తాలు మూడు రోజులలో తమకు వినిపించినట్లు వ్రాసుకున్నారు. వ్రాసినవారెవ్వరూ ఆమెను అడగలేదు. ఆమెకు తెలిసినది తన పేరు ఒకటేనని. యంత్రానికి తెలిసినది మాత్రం మూడు సంఖ్యల వరుసలని.

మూడవసారి మేము కూడా వెంట వెళ్లాము. అక్కడి ఉద్యోగి నెమ్మదైన మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి మా ఎదుటనే పేరు కొట్టి చూపాడు. తెర మీద ఏమీ రాలేదు. "చూచారా మాస్టారూ, లేరు" అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. యంత్రం చెప్పినదే మాకు చెప్పాడు. "అయ్యా, పేరుతో గాక హాల్ టికెట్ నంబరుతో ఒకసారి చూడండి" అని కోరాము. క్షణంలో వచ్చింది. ఆ జాబితాలో ఆమె పేరు 'ఎస్, కె, చుక్క' అని పొట్టిగా ఉన్నది. మన ప్రాంతంలో షేక్ అన్న మాటను అట్లా కుదించి వ్రాసే అలవాటున్నది గదా. అన్ని రోజులూ ఆమె ఆ జాబితాలోనే ఉన్నది. లేనిదల్లా ఆ మూడు రూపాలను ఈ నాలుగవ రూపంతో కలిపే దారి. ఉద్యోగి కూడా సంతోషించాడు. తండ్రి మాత్రం చాలాసేపు తెర వైపు చూస్తూ నిలబడి, "ఉన్నది సాబ్, మా అమ్మాయి ఉన్నది" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో మాకు మరొక పేరు జ్ఞాపకం వచ్చింది. ఆ సంగతి ఇక్కడ వ్రాయాలా వద్దా అని ఆలోచించాము. వ్రాయడమే న్యాయమని తోచింది. మేము ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం, ప్రథమ సంవత్సరం తరగతిలో హాజరు తీసుకుంటున్నాము. చివరి బల్ల మీది కుర్రవాడు లేచి, "సార్, నా పేరు పిలవలేదు" అన్నాడు. పేరేమిటని అడిగాము. చెప్పాడు. పట్టీలో పై నుంచి కింది దాకా చూచి, "నువ్వు ఇందులో లేవు. ఆఫీసుకు వెళ్లి కనుక్కుని రా" అన్నాము. అతడు పుస్తకం తీసుకుని వెళ్లాడు. మళ్లీ రాలేదు.

ఆ పట్టీలో మరొక పేరున్నది. రోజూ పిలిచేవాళ్లం. ఎవరూ పలికేవారు కాదు. గైర్హాజరు వేసేవాళ్లం. సంవత్సరాంతంలో తెలిసింది, ఆ పేరు ఆ కుర్రవాడిదేనని. పట్టీలో ఉన్నది పదవ తరగతి పత్రంలోని పేరు. అతడు చెప్పినది ఇంట్లో, వీధిలో అందరూ పిలిచే పేరు. ఒక పక్క పేరున్నది, మనిషి లేడు. మరొక పక్క మనిషి ఉన్నాడు, పేరు లేదు. రెండింటినీ కలిపి చూడాలని యంత్రానికి తోచకపోతే తప్పు లేదు. మాకు తోచలేదు. అతడు ఆ తరువాత ఒక మోటారు మరమ్మతు దుకాణంలో కుదురుకున్నాడని విన్నాము. చదువు మానడానికి మా మాట ఒక్కటే కారణమని అనలేము. కాదని కూడా అనలేము. మా పదకోశంలో మొదట వ్రాసుకున్న మాట 'హాజరు'. ఇన్నేళ్లు ఆ మాట అర్థం చెప్పుకుంటూ వచ్చాము గాని, దాని బరువు బస్సులో ఆ సాయంత్రం తెలిసింది.

మన గ్రంథాలయంలో అందరూ 'చాచా' అని పిలిచే సహాయకుడిని మీరంతా ఎరుగుదురు. మరునాడు ఆయన దగ్గర ఒక విద్యార్థి ఏదో పుస్తకం అడుగుతూ పేరు సగం మరిచిపోయాడు. చాచా లేదు పొమ్మనలేదు. "అట్ట ఏ రంగు? ఎవరు చెప్పారు చదవమని? నిరుడు తీసుకున్నదా, కొత్తదా?" అని నాలుగు ప్రశ్నలు వేశాడు. అయినా కనిపించలేదు. అప్పుడు, "ఇవాళ నాకు దొరకలేదు బాబూ, రేపు ఇంకో బీరువా చూస్తా" అన్నాడు. 'నాట్ ఫౌండ్' అన్న మాటకు సరియైన తెలుగు అనువాదం మాకు అప్పుడు లభించింది. దొరకకపోవడం వెదకినవాడి సంగతి. లేకపోవడం వెదకబడిన వస్తువు సంగతి. మొదటిదానిని రెండవదిగా చెప్పడం పొరపాటు. చెప్పేవాడికి అధికారం ఉంటే అది అన్యాయం కూడా.

ఇక మేము చేసిన మార్పులు చెబుతాము. ఇట్టి పని తలపెట్టే విద్యార్థులకు ఉపయోగపడవచ్చు.

మొదటిది, ప్రతి మాటకూ ఒకే రూపం గాక, తెలిసిన రూపాలన్నీ జాబితాలో చేర్చాము. ఇది మన నిఘంటుకారుల పద్ధతే. వారు ఒక మాట కింద దాని రూపాంతరాలు ఇస్తారు, ఒక రూపం దగ్గర మరొక రూపాన్ని 'చూడుము' అని దారి చూపుతారు. 'జవాబ్దారీ' అని వ్రాసినవారిని మా యాప్ ఇప్పుడు 'జవాబుదారీ' దగ్గరకు తీసుకువెళుతుంది. కాని నీ మాట తప్పు అనదు. రెండు రూపాలనూ పక్కపక్కనే చూపుతుంది.

రెండవది, వ్రాయించడం కన్నా ఎంచుకోనివ్వడం మేలు. కొన్ని అక్షరాలు వ్రాయగానే వాటితో మొదలయ్యే మాటలన్నీ కిందికి దిగుతాయి. చదువరి తనకు కావలసినదాని మీద వేలు పెడితే చాలు. ఎంచుకున్నచోట అక్షరదోషానికి తావు లేదు.

మూడవది, ధ్వనిని బట్టి వెదకడం. ఇది మేము చేయలేదు, చేయాలని చదువుకున్నాము. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో పేర్లను ధ్వనిని బట్టి వర్గీకరించే పద్ధతికి పేటెంటు పొందాడు. దాని నుంచి వచ్చినదే సౌండెక్స్. ఇంగ్లీషు పేరులో మొదటి అక్షరాన్ని ఉంచి, అచ్చులనూ 'హెచ్' వంటి అక్షరాలనూ విడిచి, దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇస్తారు. ఈ లెక్కన ఆ అమ్మాయి ఇంటిపేరుకు ఉన్న మూడు పూర్తి రూపాలూ 'ఎస్ 200' అనే ఒకే గుర్తు కిందికి వస్తాయి. చాలా మంచి ఉపాయం. కాని 'ఎస్, కె' అన్న పొట్టి రూపం 'ఎస్ 000' అయి విడిపోతుంది. అంతకన్నా చిత్రమేమిటంటే, 'మొహమ్మద్', 'మహమూద్' రెండూ 'ఎం 530' అవుతాయి. ఇద్దరు వేరువేరు మనుషులు ఒక్కరైపోతారు. కట్టు బిగిస్తే ఉన్నవాడు బయట పడతాడు, వదులు చేస్తే ఇద్దరు ఒకే చోట ఇరుక్కుంటారు. అందువల్ల యంత్రం దగ్గరి పేర్లను చూపడం వరకే న్యాయం. వీటిలో మీరెవరు అని అడిగి తేల్చుకోవలసినది మనిషి.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మూడవ గాడిలోని 'ఈ మాట లేదు' అన్న వాక్యాన్ని తీసివేశాము. ఇప్పుడు అక్కడ ఇట్లా ఉన్నది: 'ఈ రూపంలో మాకు దొరకలేదు. దగ్గరి మాటలు ఇవి. మీ మాట ఇందులో లేకపోతే మాకు నేర్పండి.' మా శాఖ ఫోనులో ఎవరు ఏ మాట వెదికి నిరాశపడినా, ఆ మాట 'టైనీ డీబీ' అనే చిన్న భాండాగారంలో భద్రమవుతుంది. వారానికి ఒకసారి దానిని తెరిచి చూస్తాము. మొదటి నెలలోనే మేము ఎన్నడూ వినని కొన్ని ఇంటి మాటలు అందులో చేరాయి. జాబితాలో ఉన్నదాని కన్నా, వెదకగా దొరకనిది మాకు ఎక్కువ నేర్పుతున్నది.

కళాశాల పాలకవర్గం పెద్దలకు ఈ సందర్భంలో ఒక విన్నపం. ప్రవేశ దరఖాస్తులో పేరు వ్రాయడానికి ఒకే గడి ఉన్నది. దాని కింద మరొక గడి వేయించగలరు. 'ఇతర పత్రాలలో మీ పేరు ఎట్లా వ్రాసి ఉన్నది?' అని అడిగితే చాలు. కాగితం ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. జాబితాలన్నిటిలోను విద్యార్థిని గుర్తించడానికి నంబరును ఆధారం చేసుకుని, పేరును పిలుచుకోవడానికి ఉంచుకుందాం. నంబరు జాబితా సొత్తు, దానిని మనం ఇవ్వవచ్చు. పేరు మనిషి సొత్తు, దానిని మనం దిద్దకూడదు.

తోటి అధ్యాపకులకు చెప్పేటంతటి వాళ్లం కాము. మా మటుకు మేము ఒక నియమం పెట్టుకున్నాము. తరగతిలో ఎవరైనా లేచి తన పేరు పిలవలేదని అంటే, ఆ విద్యార్థిని బయటకు పంపకుండా కూర్చోబెట్టి, పట్టీని బల్ల దగ్గరకు తీసుకువెళ్లి ఇద్దరమూ కలిసి చూస్తాము. ఈ ఏడు మూడు మార్లు అట్లా చూచాము. మూడు మార్లూ పేరు పట్టీలోనే ఉన్నది.

ఆ అమ్మాయికి ఉపకారవేతనం వచ్చింది. ఇప్పుడు తృతీయ సంవత్సరం చదువుతున్నది. మొన్న వాళ్ల అమ్మీని కళాశాలకు తీసుకువచ్చి, మా గదిలో ఆ ఫోను ఇచ్చింది. ఆమెకు వ్రాయడం రాదు. తల్లి చెబుతూ ఉంటే కూతురు వ్రాసింది. 'జవాబ్దారీ' అని వ్రాసి మీట నొక్కగానే అర్థం వచ్చింది. కూతురు చదివి వినిపించింది. తల్లి విని, "ఇది నాకు తెలిసిందే గదా" అన్నది.